బటిస్టా బొటనవేలు, రోలిన్స్ కుర్చీ

రెజ్లింగ్ మీద ఎవరు రాసినా ఎవరు ఎన్నిసార్లు ఛాంపియన్ అయ్యారో, ఏ మ్యాచ్‌కి ఎంత జనం వచ్చారో రాస్తారు. నాకు మాత్రం ఒక బొటనవేలు గురించి రాయాలని చాలా ఏళ్లుగా ఉంది. బటిస్టా బొటనవేలు.

2005 ఫిబ్రవరి 21 నాటి రా, అంటే డబ్ల్యూడబ్ల్యూఈ అనే అమెరికా రెజ్లింగ్ కంపెనీ వారం వారం వేసే టీవీ షో. రింగులో ఒక బల్ల, బల్ల మీద రెండు కాంట్రాక్టులు. ముందు నెలలో రాయల్ రంబుల్ అనే ముప్పైమంది పోటీ గెలిచాడు కాబట్టి, ఏటా జరిగే పెద్ద పండగ రెజిల్‌మేనియాలో ఎవరితో తలపడాలో తేల్చుకునే హక్కు బటిస్టాది. ఒక కాగితం మీద సంతకం పెడితే ఆ కంపెనీదే ఇంకో షో స్మాక్‌డౌన్ ఛాంపియన్ జేబీఎల్‌తో పోటీ. రెండోదాని మీద పెడితే, తనను చెయ్యి పట్టుకుని పైకి తెచ్చిన ట్రిపుల్ హెచ్‌తోనే. ట్రిపుల్ హెచ్, రిక్ ఫ్లెయిర్ ఇద్దరూ రింగులోనే ఉన్నారు. స్మాక్‌డౌన్‌కి పో, మనలో మనకి కొట్లాట ఎందుకు అన్నట్టు బుజ్జగిస్తున్నారు. బటిస్టా బొటనవేలు పైకెత్తాడు. ట్రిపుల్ హెచ్ మొహం విప్పారింది. అదే వేలు మెల్లగా తిరిగి నేల వైపు దిగింది. కాసేపటికి బల్ల రెండు ముక్కలు, ఆ ముక్కల మధ్య ట్రిపుల్ హెచ్.

అప్పటికి నేను ఇంటర్ చదువుతున్నాను. విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దగ్గర మా ఇల్లు. ఇంట్లో అమ్మకి సీరియల్ కావాలి, నాకూ తమ్ముడికీ టెన్ స్పోర్ట్స్ కావాలి. తాత మా పక్షం కాబట్టి రిమోట్ మా చేతికే వచ్చేది. తాతంటే అమ్మ వాళ్ల నాన్న. చీపురుపల్లి వైపు పల్లెలో పుట్టి, ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్లూ పద్య నాటకాల్లో దుర్యోధనుడి వేషం కట్టినవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. టీవీలో వాళ్లు మైకు పట్టుకుని ఏం మాట్లాడుకున్నారో మేం చెప్పేలోపే ఆయనకి అర్థమైపోయేది. ఆ రోజు కుర్చీలో ముందుకి జరిగి, నా భుజం తట్టి చెప్పాడు.

"సూసావేటే అమ్మీ! ఆ ఏలు ఊరికే దించలేదాడు. మొన్న ఆ సిన్న గుంటణ్ని బుజాల మీంచి కింద పడీసినప్పుడు ఈడు దించిన ఏలే అది. బాకీ తీర్సీసాడు."

నిజమే. ఆరు నెలల వెనక్కి వెళ్లాలి. 2004 ఆగస్టు 15న సమ్మర్‌స్లామ్‌లో ర్యాండీ ఆర్టన్ ఇరవై నాలుగేళ్లకే వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు. ట్రిపుల్ హెచ్, ఫ్లెయిర్, బటిస్టా, ఆర్టన్ నలుగురూ ఒకే జట్టు, పేరు ఎవల్యూషన్. మర్నాడు రాలో ఆర్టన్‌ని బటిస్టా భుజాలకెత్తుకుని ఊరేగిస్తున్నాడు. ఎదురుగా ట్రిపుల్ హెచ్ నవ్వుతూ బొటనవేలు పైకి చూపించాడు, తర్వాత కిందకి తిప్పాడు. అంతే, బటిస్టా ఆ కుర్రాణ్ని వెనక్కి విరిచి పడేశాడు. జట్టులో తనని మించి ఇంకొకడికి బెల్టు ఉండడం ట్రిపుల్ హెచ్‌కి పడలేదు. ఆ రోజు ఆ సైగకి లోబడి పనిచేసిన చేతులే తర్వాత అదే సైగ తిరిగి ఇచ్చాయి. మధ్యలో ఎవరూ మాకు గుర్తు చెయ్యలేదు. ఇదిగో, ఫలానా రోజు ఇలా జరిగింది చూడండి అని చెప్పలేదు. చూసేవాళ్లు గుర్తుపెట్టుకుంటారని నమ్మి వదిలేశారు.

నాకు ఈ ఆట మీద ఉన్న ప్రేమంతా ఆ నమ్మకం దగ్గరే ఉంది. పగ పెద్దది కావాలంటే దెబ్బలు పెద్దవి కానక్కరలేదు. ఒక చిన్న పని చెయ్యాలి, దాన్ని దాచిపెట్టాలి, ఆర్నెల్లకో పదేళ్లకో అదే పనితో తిరిగి కొట్టాలి. తాతకి ఇది కొత్త కాదు. నిండు సభలో ద్రౌపదికి తొడ చూపించినవాడు దుర్యోధనుడు. పదమూడేళ్లు అడవులూ అజ్ఞాతవాసం అయ్యి, పద్దెనిమిది రోజుల యుద్ధం అయ్యాక విరిగింది ఆ తొడే. తల కాదు, చెయ్యి కాదు. "సభ సీనులో తొడ ఎనక బెంచీ దాకా ఇనపడేలా సరసాలి. అక్కడ మెత్తగా కొట్టీసావనుకో, తెల్లారగట్ల గదాయుద్ధంలో జనం నిద్దరపోతారు" అనేవాడు. డెబ్బై దాటిన వయసులో ఎలా చరచాలో చేసి చూపించేవాడు. అరచెయ్యి చాపి కొట్టకూడదట. వేళ్లు దగ్గరగా చేర్చి, చేతిని కొంచెం దొప్పలా వంచి, మోకాలికి పైన కండ మీద కొట్టాలట. టప్‌మని మోగేది. నొప్పి పెద్దగా ఉండేది కాదు.

షాన్ మైకేల్స్ అనే రెజ్లర్ స్వీట్ చిన్ మ్యూజిక్ అనే తన్ను తన్నినప్పుడు అంత చప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో మా వీధిలో మొదట కనిపెట్టింది తాతే. కాలు ఎదుటివాడి గడ్డం దాకా లేచిన క్షణంలో చెయ్యి తన తొడ మీద పడుతుంది. "ఆడూ తొడే సరిసేడు" అని తాత ఎంత సంబరపడ్డాడో. మోసం బయటపడిందన్న సంబరం కాదది, తన పని తెలిసినవాడు ఏడు సముద్రాల అవతల ఇంకొకడున్నాడన్న సంబరం.

అదంతా ఉత్తుత్తిదే కదా అనేవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఆ సంగతి కంపెనీయే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఒప్పేసుకుంది. క్రీడా కమిషన్ల అజమాయిషీ, పన్నులూ తప్పించుకోడానికి ఇది పోటీ కాదు, వినోదమని చెప్పింది. కాబట్టి దాని మీద వాదించడానికి ఏమీ మిగల్లేదు. ఫలితం ముందే తెలుసు. గదాయుద్ధం ఫలితం మాత్రం ఎవరికి తెలీదు? పైగా బల ప్రదర్శనని చూడముచ్చటగా చెయ్యడం మన జిల్లాలకి తెలియని విద్య కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాడు, ఒంటికి చుట్టిన ఇనప గొలుసులు తెంచాడు, సర్కస్ కంపెనీ పెట్టి దేశమంతా తిరిగాడు. తాత వాళ్ల నాన్న ఆ సర్కస్ చూసి వచ్చి ఊళ్లో కథలుగా చెప్పేవాడట. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే. అమెరికాలో ఈ రెజ్లింగ్ పుట్టి పెరిగింది కూడా ఊరూరా తిరిగే కార్నివాల్ డేరాల్లోనే.

మా ఈడు వాళ్లకి ఇది టీవీ కంటే ముందు రెజ్లర్ల బొమ్మల ట్రంప్ కార్డులతో వచ్చింది. ఎత్తు, బరువు, ఛాతీ, బైసెప్స్, ర్యాంకు. కిళ్లీ బడ్డీలో అమ్మేవాళ్లు. అండర్‌టేకర్ కార్డు చేతిలో ఉన్నవాడి మాటకి తిరుగుండేది కాదు. అండర్‌టేకర్‌కి ఏడు ప్రాణాలని మా బడిలో అందరం నమ్మేవాళ్లం. కేన్ ఆయన సొంత తమ్ముడనీ, చిన్నప్పుడు ఇంట్లో మంటల్లో కాలిపోయి ముసుగు వేసుకున్నాడనీ తెలిసినప్పుడు మా వీధిలో అన్నదమ్ములున్న ప్రతి ఇంట్లోనూ ఒకడు కేన్ అయిపోయాడు. మా ఇంట్లో తమ్ముడు అయ్యాడు.

ఆ కథ ఎంత ఓపిగ్గా నడిపారో పెద్దయ్యాక వరసగా చూస్తేగానీ తెలియలేదు. అండర్‌టేకర్ మేనేజర్ పాల్ బేరర్ విడిపోయాక, నీ తమ్ముడు బతికే ఉన్నాడు అని నెలల తరబడి బెదిరించాడు. 1997 అక్టోబర్ 5న బ్యాడ్ బ్లడ్ షోలో, షాన్ మైకేల్స్‌తో అండర్‌టేకర్ మొట్టమొదటి హెల్ ఇన్ ఎ సెల్, అంటే ఇనప పంజరంలో మ్యాచ్, జరుగుతుండగా, లైట్లు ఆరిపోయి కేన్ వచ్చాడు. పంజరం తలుపు ఊడబెరికాడు. అన్నని అన్న పట్టుతోనే, ఆ టూంబ్‌స్టోన్‌తోనే పడేశాడు. ఆ తర్వాత జరిగిందే నాకు ఇష్టం. అండర్‌టేకర్ తిరిగి కొట్టలేదు. నా రక్తం మీద చెయ్యి ఎత్తను అన్నాడు. చెంపదెబ్బలు తిన్నాడు, ఊరుకున్నాడు. 1998 జనవరిలో రాయల్ రంబుల్ రోజు కేన్ ఆయన్ని శవపేటికలో పెట్టి తాళం వేసి నిప్పంటించాక గానీ ఆ మౌనం వీడలేదు. మార్చి 29న రెజిల్‌మేనియా 14లో తలపడితే, ఎవరినైనా ఒక్క టూంబ్‌స్టోన్‌తో లేపకుండా పడుకోబెట్టే మనిషికి తమ్ముణ్ని ఆపడానికి మూడు కావలసి వచ్చాయి. ఆ మూడు అన్న అంకెలోనే కేన్ స్థాయి ఏమిటో చెప్పేశారు. ఓడినవాడు పెద్దవాడై బయటికి వచ్చాడు. 2001 నాటికి అన్నదమ్ములిద్దరూ ఒకే జట్టుగా బెల్టులు గెలిచారు. మళ్లీ విడిపోయారు, మళ్లీ కలిశారు. కేన్ వేషం కట్టిన గ్లెన్ జేకబ్స్ 2018లో టెనెస్సీ రాష్ట్రంలో నాక్స్ కౌంటీకి మేయరయ్యాడు.

నేను పుట్టిన రోజుల్లో జరిగిన హల్క్ హోగన్, ర్యాండీ సావేజ్ కథ తర్వాత చూశాను. మెగా పవర్స్ అని ఇద్దరూ చేతులు కలిపింది 1987 చివర్లో, బద్దలైంది 1989 ఫిబ్రవరి 3న, పూర్తయింది అదే ఏడాది ఏప్రిల్ 2న రెజిల్‌మేనియా 5లో. ఏడాదిన్నర పాటు కథంతా సావేజ్ కళ్లలోనే నడిచింది. రెజిల్‌మేనియా 4లో తాను ఛాంపియన్ అయిన రాత్రి కూడా హోగన్ పక్కనే ఉన్నాడు. హోగన్ సావేజ్ మేనేజర్ మిస్ ఎలిజబెత్‌ని భుజాన ఎక్కించుకున్న ప్రతిసారీ సావేజ్ చూపు ఒక్క క్షణం అక్కడ ఆగుతుంది. చివరికి ఒక మ్యాచ్‌లో ఎలిజబెత్‌కి దెబ్బ తగిలితే హోగన్ ఆమెను చేతుల మీద ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. రింగులో ఇద్దరు రాక్షసుల మధ్య సావేజ్ ఒక్కడే మిగిలాడు. అప్పటి జనం హోగన్‌ని మంచివాడిగానూ సావేజ్‌ని అసూయపరుడిగానూ చూశారు. నా తీర్పు వేరు. పక్కవాడికి ఏ మాత్రం చోటు వదలని మనిషి హోగన్. సావేజ్‌ది అసూయే, కానీ ఆ అసూయకి కారణముంది. మంచి వైరంలో ఇద్దరికీ చెరో చారెడు న్యాయం ఉండాలి. దుర్యోధనుడి వేషగాడి మనవరాలిని, ఇది చెప్పకుండా ఉండలేను.

నిజంగా పడనివాళ్ల పగలు కూడా ఉన్నాయి. బ్రెట్ హార్ట్, షాన్ మైకేల్స్‌ది అలాంటిది. 1997 నవంబర్ 9న మాంట్రియల్‌లో, బ్రెట్‌కి చెప్పిన ముగింపు ఒకటి, జరిగింది ఇంకొకటి. బ్రెట్ లొంగకుండానే గంట మోగించి బెల్టు లాగేసుకున్నారు. అందరూ దీన్ని చరిత్రలో గొప్ప ఘట్టమంటారు. నాకు అది చూసినప్పుడల్లా బాధే తప్ప రసం లేదు. ఎదుటివాడు తన ఒంటిని నీ చేతికి అప్పగించినప్పుడు కదా ఈ ఆట నడిచేది. 2010 జనవరి 4న ఇద్దరూ రింగులో నిలబడి చెయ్యి కలిపి, కావలించుకున్నారు. నాకు మాంట్రియల్ కంటే ఆ పది నిమిషాలే ఎక్కువ.

ఇక కుర్చీ.

2014 జూన్ 2. ముందు రోజు రాత్రే షీల్డ్ అనే జట్టులోని ముగ్గురూ, అంటే రోమన్ రెయిన్స్, డీన్ ఆంబ్రోస్, సేథ్ రోలిన్స్ కలిసి, మళ్లీ ఒకటైన ఎవల్యూషన్‌ని ఒక్కరు కూడా ఔట్ కాకుండా ఓడించారు. రాలో ముగ్గురూ రింగులో వరసగా నిలబడ్డారు. ఎదురుగా సుత్తి పట్టుకుని ట్రిపుల్ హెచ్, పక్కన ఆర్టన్. రోలిన్స్ చేతిలో కుర్చీ. ఆ కుర్చీ ఎదుటివాళ్ల కోసమే అనుకున్నాం. అది రోమన్ వీపు మీద పడింది. చప్పుడు ఆగాక ఆంబ్రోస్ మొహం చూడండి, కోపం లేదు, అర్థం కాకపోవడం ఉంది. నెమ్మదిగా పండిన కథలే ఇష్టమని ఇంత రాసినా ఈ ఒక్కదాన్నీ మినహాయిస్తాను. ముందు సూచన లేకుండా కొట్టారు. అయితే తీర్చుకోవడానికి మాత్రం తొందరపడలేదు. 2022 రాయల్ రంబుల్ రోజు రోమన్‌తో మ్యాచ్‌కి రోలిన్స్ పాత షీల్డ్ నల్ల డ్రెస్సులో, షీల్డ్ పాటతో, పాత రోజుల్లాగే జనం మధ్య నుంచి నడిచి వచ్చాడు. రోమన్‌కి మతి తప్పింది.

2024 ఏప్రిల్ 7న ఫిలడెల్ఫియాలో, రెజిల్‌మేనియా 40 చివరి మ్యాచ్‌లో అదే నల్ల డ్రెస్సు మళ్లీ వచ్చింది. రోమన్‌కి అవతల కోడీ రోడ్స్. రోమన్ 1,316 రోజులుగా ఛాంపియన్. కోడీ ఒక పక్క పడి ఉన్నాడు, రోలిన్స్ ఒక పక్క పడి ఉన్నాడు, రోమన్ చేతిలో కుర్చీ ఉంది. కోడీని కొడితే బెల్టు తనదే. రోమన్ తల తిప్పి ఆ నల్ల డ్రెస్సు వైపు చూశాడు. కుర్చీ రోలిన్స్ వీపు మీద పడింది. ఆ ఊపిరి సందులో కోడీ లేచాడు, గెలిచాడు. పదేళ్ల కిందటి ఒక్క దెబ్బ కోసం రోమన్ అంత రాజ్యాన్నీ వదులుకున్నాడు. మన టైములో సోమవారం తెల్లవారుజాము దాటి, పొద్దెక్కాక చూశాం. తమ్ముడు విశాఖపట్నం నుంచి, నేను ఇక్కడి నుంచి, ఫోన్ పెట్టేయకుండా చూశాం. రోమన్ తల తిప్పగానే ఇద్దరం ఒకేసారి "బాకీ" అన్నాం. తాత పోయి అప్పటికి చాలా ఏళ్లయింది.

నా పని రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన దస్తావేజులు టైపు చెయ్యడం. ఎవరి పేరు ముందు రావాలి, ఏ తేదీన ఏం జరిగింది అన్నదాంట్లో చిన్న పొరపాటు కూడా సాగదు కాబట్టి తేదీలు నా బుర్రలో అలా అతుక్కుపోతాయి. ఆ జ్ఞాపకం 2023 సెప్టెంబర్ 8న హైదరాబాద్‌లో నాకు బాగా పనికొచ్చింది. గచ్చిబౌలి బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ షో పెట్టారని తెలిసి విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. చివరి మ్యాచ్ జాన్ సీనా, సేథ్ రోలిన్స్ ఒక జట్టు. ఎదురుగా ఇంపీరియం అనే జట్టు నుంచి లుడ్విగ్ కైజర్, జొవానీ విన్చి. స్టేడియం మొత్తం రోలిన్స్ రాగం తీస్తోంది, ఓ ఓ ఓ అని. సీనా చెయ్యి మొహం ముందు ఆడించగానే పై వరసల్లో పిల్లలంతా చేతులు ఆడించారు. నేను మాత్రం సీనా ముక్కునే చూస్తున్నాను. 2015 జులై 27న రోలిన్స్ మోకాలితో కొట్టి పగలగొట్టిన ముక్కది. నెత్తురు కారుతుండగానే సీనా ఆ మ్యాచ్ ఆపకుండా ఆడి గెలిచాడు. నెల తిరక్కుండా సమ్మర్‌స్లామ్‌లో రోలిన్స్ చేతిలో బెల్టు పోగొట్టుకున్నాడు. ఎనిమిదేళ్లయ్యాక ఆ ఇద్దరూ గచ్చిబౌలిలో తాడు పట్టుకుని ఒకరి చెయ్యి కోసం ఒకరు చాపుతున్నారు. సీనా కింద పడి పాకుతూ వస్తే రోలిన్స్ మూలలో నిలబడి, ఆప్రాన్ అనే రింగు బయటి అంచు మీద కాలితో ధన్‌ధన్‌మని తొక్కుతూ పిలిచాడు. టీవీలో ఆ చప్పుడు ఇంత ఉండదు. రింగు అడుగున ఇనప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పలచటి ఫోమూ కాన్వాసూ. మనిషి వెన్ను ఆనించి పడితే ఆ చెక్కల మోత మన కాళ్ల కింద నేల దాకా వస్తుంది. నాటకం స్టేజీ బల్లల మోత ఎరిగిన తాతని ఇక్కడికి తీసుకురావలసిందని తమ్ముడన్నాడు.

శామీ జేన్ గురించి చెప్పకపోతే ఈ పోస్టు పూర్తి కాదు, కానీ ఈ మధ్యదే కాబట్టి చాలామంది చూసే ఉంటారు. 2022లో రోమన్ కుటుంబం బ్లడ్‌లైన్‌లోకి బయటివాడు శామీ మెల్లగా చొరబడ్డాడు. వాళ్ల రక్తం కాదు. ఆ కుటుంబంలోని జే ఊసోకి మొదట్లో వాడంటే మంట. సర్వైవర్ సిరీస్‌లో ఆ కుటుంబం మెప్పు కోసం తన ప్రాణ స్నేహితుడు కెవిన్ ఓవెన్స్‌నే దెబ్బ తీశాడు. 2023 జనవరి 28న ఓవెన్స్‌ని తాళ్లకి బేడీలు వేసి కట్టేసి, కుర్చీ శామీ చేతికిచ్చి కొట్టమన్నాడు రోమన్. శామీ రోమన్‌నే కొట్టాడు. చూస్తున్న జేకి శామీని తన్నడానికి చేతులు రాలేదు, దిగి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ నడకలోనే బ్లడ్‌లైన్ పని అయిపోయింది, మిగతాదంతా అవ్వడానికి పట్టిన కాలం. ఏప్రిల్ 1న రెజిల్‌మేనియా 39 మొదటి రాత్రి చివరి మ్యాచ్‌లో ఓవెన్స్, శామీ కలిసి ఊసో కవలల నుంచి, జంటలకిచ్చే ట్యాగ్ బెల్టులు గెలుచుకున్నారు.

అదే రాత్రి ఇంకో మ్యాచ్ ఉంది. నా లెక్కలో ఈ మొత్తం చరిత్రలోకెల్లా పొడుగాటి బాకీ అక్కడే కదిలింది. రే మిస్టీరియో, కొడుకు డొమినిక్.

దీని మొదలు 2005 ఏప్రిల్ 3న, బటిస్టా ట్రిపుల్ హెచ్‌ని ఓడించిన అదే రెజిల్‌మేనియా 21లో. ఆ రాత్రి మొదటి మ్యాచ్ ఎడ్డీ గెరేరో, రే మిస్టీరియో. ఇద్దరూ ప్రాణ మిత్రులు, అప్పటికి ట్యాగ్ ఛాంపియన్లు కూడా. సరదాకి తలపడ్డారు. రే గెలిచాడు. ఆ ఓటమి ఎడ్డీ మనసులో గుచ్చుకుని, కొన్ని వారాల్లో విషమైంది. డొమినిక్ నీ కొడుకు కాదు, నా కొడుకు అన్నాడు. ఆగస్టులో సమ్మర్‌స్లామ్‌లో పిల్లాడి కస్టడీ కాగితాలున్న పెట్టె పైన వేలాడదీసి నిచ్చెనల మ్యాచ్ పెట్టారు. ఎనిమిదేళ్ల డొమినిక్ రింగు పక్కన కూర్చుని చూశాడు. పిల్లాణ్ని ఇందులోకి లాగారేమిటని మా అమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి నిలబడింది. ఎడ్డీ భార్య విక్కీ వచ్చి ఎడ్డీని అడ్డుకుంటే రే పెట్టె అందుకున్నాడు. అదే ఏడాది నవంబర్ 13న ఎడ్డీ హోటల్ గదిలో చనిపోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు. 2006 జనవరిలో రే రాయల్ రంబుల్‌లో రెండో నంబరుగా దిగి, గంటకు పైగా నిలబడి గెలిచి, ఎడ్డీకి అంకితం చేశాడు. ఏప్రిల్‌లో ఛాంపియన్ అయ్యాడు.

తర్వాత పదహారేళ్లు గడిచాయి. డొమినిక్ పెరిగి తండ్రితో కలిసి ట్యాగ్ బెల్టు గెలిచాడు. 2022 సెప్టెంబర్ 3న కార్డిఫ్‌లో తండ్రిని కొట్టి జడ్జిమెంట్ డే అనే విలన్ల జట్టుతో చేరాడు. రెజిల్‌మేనియా 39కి జైలు వ్యాన్‌లోంచి దిగాడు. రే మాత్రం ఎడ్డీ వాడే లాంటి లోరైడర్ కారులో వచ్చాడు. ముందు వరసలో తల్లీ చెల్లీ కూర్చుంటే డొమినిక్ వాళ్లనీ అవమానించాడు, తల్లి లేచి చెంప పగలగొట్టింది. రే తోలు బెల్టు తీసి కొడుకు వీపు మీద వాయించాడు. స్టేడియం మొత్తం పండగ చేసుకుంది. చివరికి సిక్స్ వన్ నైన్ అనే తన్ను తన్ని, పై తాడు ఎక్కి, ఫ్రాగ్ స్ప్లాష్ అనే దూకుడు దూకాడు రే. ఫ్రాగ్ స్ప్లాష్ రేది కాదు, ఎడ్డీది. నిన్ను కొడుకన్నవాడి దెబ్బతోనే నిన్ను పడుకోబెడుతున్నానని చెప్పడానికి అంతకంటే ఏం కావాలి?

అయితే ఎడ్డీకి అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఎడ్డీ జట్టు స్నేహితుడు ఆర్ట్ బార్ ఆ దూకుడు దూకేవాడు. మెక్సికోలో లాస్ గ్రింగోస్ లోకోస్ అని ఇద్దరూ ఊరు ఊరంతా తిట్టుకునేంత గొప్ప విలన్లు. 1994 నవంబర్ 6న లాస్ ఏంజెలెస్‌లో ముసుగులకీ జుట్టుకీ పందెం కాసిన మ్యాచ్ ఓడి, ఇద్దరూ గుండు కొట్టించుకున్నారు. అదే నెల్లో ఆర్ట్ బార్ చనిపోయాడు. స్నేహితుడి గుర్తుగా ఎడ్డీ ఆ దెబ్బ తీసుకున్నాడు. రెజిల్‌మేనియా 21 జరిగింది ఆ లాస్ ఏంజెలెస్‌లోనే. 39 జరిగింది దాన్ని ఆనుకున్న ఇంగిల్‌వుడ్‌లో.

2025 ఏప్రిల్ 20న రెజిల్‌మేనియా 41లో డొమినిక్ ఇంటర్‌కాంటినెంటల్ ఛాంపియన్ అయ్యాడు. సొంత జట్టువాడు ఫిన్ బాలర్ మీద దూకి గెలిచాడు. దూకింది ఫ్రాగ్ స్ప్లాషే. తండ్రి రే కంటే ఎడ్డీయే నా తండ్రి అని మైకులో అంటూ తిరుగుతాడు కూడా. తమ్ముడు అస్సలు ఒప్పుకోడు, అది రే చేతిలోనే ఉండాలంటాడు. నేను డొమినిక్ పక్షం. ఎనిమిదేళ్ల వయసులో నిచ్చెన కింద కూర్చున్నవాడు వాడు. ఆ రాత్రి తన కోసం ఇద్దరు పెద్దవాళ్లు కొట్టుకోవడం చూసినవాడికి ఆ దూకుడు మీద ఎవరికంటే ఎక్కువ హక్కు ఉంది.